బాబాయి పేరున్న మొక్క

మా బాబాయిని ఆఫీసులో అందరూ జిగురాయన అంటారు. ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అతికించి, చీటీ పెట్టి, బీరువాల్లో దాచే ఆఫీసు అది. అతికించే పని ముప్పై రెండేళ్లుగా ఆయనదే. ఇంట్లో ఊడిన కుర్చీ కోడు మాత్రం ఈనాటికీ అతికించలేదు, అది వేరే సంగతి. మొక్కల దగ్గర ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. వెనక ఉన్న నూగు కనపడాలని ప్రతి అట్ట మీదా ఒక ఆకును బోర్లా తిప్పి అతికిస్తాడు. ఆయన గదిలో ఎవరినీ ఫ్యాను వేయనివ్వడు.

రిటైరయ్యే వాళ్లకు అక్కడ గోడ గడియారం ఇస్తారు. బాబాయికి మాత్రం మేడం అంతకంటే పెద్ద కానుక తలపెట్టింది. ఆవిడ మొక్కల శాస్త్రవేత్త. ఆయన అతికించిన అట్టల్లో ఒకదాని మీద ఇంతవరకూ ఎవరూ వర్ణించని మొక్క ఉందని కనిపెట్టింది. ఆకులది ఒక తీరు, పువ్వుది ఇంకో తీరు, రెండూ కలిసిన మొక్క ఏ పుస్తకంలోనూ లేదు. దానికి లాటిన్‌లో బాబాయి పేరు పెడుతున్నానంది.

పిన్ని ఆ సాయంత్రమే వీధంతా టముకు వేసింది. లాటిన్ అంటే ఏమిటని అడిగిన పక్కింటావిడకు, "ఇకమీదట మా ఆయన్ని అందులోనే పిలుస్తారు" అని చెప్పిందట.

ఆ కొత్త మొక్క గురించి రాసిన వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు మేడం అందులో వేసే బొమ్మ చూపించింది. మురిసిపోతూ చూస్తున్న బాబాయి ముఖం ఉన్నట్టుండి పాలిపోయింది. అట్ట మీద పూలరెమ్మ కొమ్మకు ఎడంగా, విడిగా ఉంది. బొమ్మ గీసినాయన దాన్ని కొమ్మకు కలిపేశాడు. ఆ రెమ్మ అసలు ఆ కొమ్మదేనా? ఒక ఎండాకాలం ఉక్క భరించలేక తనే ఐదు నిమిషాలు ఫ్యాను వేసుకున్నాడు. రెండు మొక్కలు బల్ల మీంచి ఎగిరి కింద పడ్డాయి. విరిగిన రెమ్మను ఏరి, ఈ మొక్కదేలే అనుకుని ఖాళీ ఉన్నచోట అతికించేశాడు.

ఎవరికీ చెప్పకుండా బీరువా తెరిచి, పక్క నంబరు అట్ట తీశాడు. దాని మీద కొమ్మ విరిగిన చోటూ, ఈ రెమ్మ మొదలూ పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయాయి. విడివిడిగా రెండూ పాత పుస్తకాల్లో ఉన్న మొక్కలే.

రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు. మూడో రోజు అట్టలు రెండూ పట్టుకుని మేడం గదికి వెళ్లాడు.

"ఇది ఒక మొక్క కాదండీ, రెండు. కలిపింది నేనే."

మేడం భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. ఏడాది శ్రమ ఆవిడది. "మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు" అంది చివరికి. ఆ రోజే వ్యాసం వెనక్కి తీసుకుంది.

ఇంట్లో పిన్ని ఊరుకుంటుందా? "నోరు మూసుకుని కూచుంటే మీ సొమ్మేం పోయింది? అంత పేరు చేతిదాకా వస్తే కాలదన్నుకుంటారా?" అని విరుచుకుపడింది.

బాబాయికి ఆ పేరు మీద ఎంత ఆశో నాకు తెలుసు. పాత కాగితాల వెనక దాన్ని లాటిన్‌లో రాసి చూసుకోవడం నా కళ్లతో చూశాను.

"వందేళ్లకైనా ఎవడో ఒకడు ఆ అట్ట తీస్తాడు కదే" అన్నాడు బాబాయి. "ఎవడో తలమాసినవాడు రెండు మొక్కల్ని కలిపి అతికించాడని తేలుస్తాడు. ఎవడా అని చూస్తే, పైన నా పేరే ఉంటుంది."

పిన్ని ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆయన వైపు చూసి ఆగిపోయింది. బాబాయి ఏడుస్తున్నాడు.