చిత్తోడ్ కోట ఫొటోలో సీతాఫలాలావిడ

సెలవులో చూసొచ్చిన చిత్తోడ్‌గఢ్ కోట ఫొటోలను ఈ రోజు అన్నాల వేళ పరాయి దేశంలో మేం బిల్డింగ్ కడుతున్న అల్ హైల్ సైట్‌లో మేస్త్రీ భవర్‌లాల్‌కు చూపించాను. అతని ఇల్లు ఆ కోట మీద ఉన్న ఊళ్ళోనే. విజయ స్తంభం ముందు మా ఆవిడ నిలబడిన ఫొటో దగ్గర ఆగాడు. ఓ మూల సీతాఫలాలు అమ్ముతున్న మనిషిని పెద్దగా చేసి చూశాడు.

"మేరీ ఘర్‌వాలీ, నా ఇంటావిడ" అన్నాడు మెల్లగా. "ఇంట్లోనే ఉంటున్నానని రోజూ ఫోన్లో చెప్తుంది."

 ఫోన్ నాకు తిరిగిస్తూ అడిగాడు.

"ఆమె దగ్గర పళ్ళు కొన్నావా భాయ్?"

"కొన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి."

భవర్‌లాల్ తృప్తిగా తలూపి పనిలోకి వెళ్ళిపోయాడు.

నిజానికి ఆ రోజు నేను ఆమెతో అన్నది ఒక్కటే మాట: "ఫొటోకు అడ్డం వస్తున్నారు, జరగండి." అతనికి నిజం చెప్పాల్సిందంటారా?