జనవరి ఒకటో తారీఖు ఫైళ్లు

మాది ఎస్.కోట పక్క పల్లె. కంప్యూటర్లు బాగుచేసే పని పట్టుకుని ఘాటీ ఎక్కి, అరకులో కొట్టు పెట్టి చాలా ఏళ్లయింది. కొండ మీద కంప్యూటర్లకొచ్చే రోగాలు వేరు. పొగమంచుకి చెమ్మ పట్టి పొద్దున్నే లేవవు. ర్యామ్ పీకి, పిల్లలు వాడే రబ్బరుతో నాలుగు రుద్దులు రుద్దితే లేచి కూర్చుంటాయి. పెట్టె విప్పితే బల్లి గుడ్లుంటాయి. ఒకసారి ఒక చుంచెలుక ఫ్యాను పక్కన పిల్లల్ని పెట్టింది, వెచ్చగా ఉందని కాబోలు. ఇవన్నీ ఎవరికి చెబుతాం? "ఏటయింది సారూ?" అని ఎవరడిగినా నా దగ్గర ఒకటే జవాబు, వైరస్. ఆ మాటంటే రెండో ప్రశ్న వెయ్యరు. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆ జవాబు నాకు బాగా కలిసొచ్చింది.

డుంబ్రిగుడ సంత దగ్గర ఒక రేకుల గది ఉంది. పోడు భూములకి పట్టాలడుగుతున్న పద్నాలుగు కుటుంబాలు కలిసి పెట్టుకున్న సంఘానిది. అందులో ఒక పాత కంప్యూటరు, దాని ముందు ఇంటరు చదివిన ఒక ఆడపిల్ల, మా వైపు మాటలో గుంట. ఆ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ముసలాళ్లు వచ్చి, ఏ కొండవాలు ఎవరు కొట్టి చదును చేశారో, నాలుగు పక్కలా హద్దులేంటో చెబితే, చెప్పింది చెప్పినట్టు టైపు చేసేది.

వాళ్ల పద్ధతి నాకు మొదట్నుంచీ వింతే. ముసలాళ్లు సంత రోజునే కొండ దిగుతారు. పసుపో చీపురు కట్టలో అమ్ముకుని ఈ గదికొచ్చి కూర్చుంటారు. సంతకి ఒకరు. అందుకని ఆ గుంట ఫైళ్లకి మనుషుల పేర్లు పెట్టలేదు. సంత1, సంత2, సంత3, అంతే. ఈ పేర్ల సంగతి మాత్రం నాకు తర్వాత తెలిసింది. గదిలో ప్రింటరు లేదు. అన్నీ అయ్యాక అరకు తెచ్చి ఒకేసారి కొట్టించాలి. మళ్లీ ఎప్పుడు దిగుతారో తెలీదు కాబట్టి, చెప్పిన రోజునే తెల్ల కాగితం అడుగున వేలిముద్ర వేయించుకునేది. మాటలు తర్వాత పైన అచ్చవుతాయి.

"తెల్ల కాగితం మీద వేలిముద్రేంటమ్మా? కొంప ముంచుకుంటారు," అన్నాను.

"మాలో మాకు అలాటియ్యి లేవు సారూ. ఏలు మీద ఆళ్ల మాటే పడతాది," అంది.

ఆ గుంట తండ్రి, వాళ్ల అయ్య, చెప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను, కీబోర్డు మార్చడానికెళ్లి. సన్నటి మనిషి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గంటసేపు చెప్పాడు. అంతా అయ్యాక, "ఇంతసేపు మాటాడించినావు, ఒక సుట్టయినా ఇయ్యవేటే గుంటా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆషాఢంలో జ్వరమొచ్చి ఆయన పోయాడు. ఆయన వేలిముద్ర పడ్డ తెల్ల కాగితం మిగతా పదమూడింటితో పాటు అట్టలో ఉండిపోయింది.

కాగితాలు పట్టాలిచ్చే ఆఫీసులో ఇవ్వడానికి వారం గడువుందనగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. డిస్కు నిండిపోయింది, కంప్యూటరు కదలట్లేదు. అది విశాఖలో ఎవరో కంపెనీవాళ్లు వాడి వదిలేసింది. వాళ్ల ఫైళ్లన్నీ ఇంకా అందులోనే ఉన్నాయి. "ఆ పాత సరుకంతా తీసెయ్ సారూ, బేగి," అని చెప్పి అంబలి తాగడానికి బయటికెళ్లింది.

నేను తారీఖుల ప్రకారం వరస పెట్టాను. పదిహేనేళ్ల కిందటివన్నీ ఒకచోట చేరాయి. మధ్యలో సంత1, సంత2 అని కనబడ్డాయి. కంపెనీవాళ్ల కూరగాయల గొడవ కాబోలు అనుకున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తెరిచి చూడ్డానికి రెండు సెకన్లు పట్టేది. చూడలేదు. అన్నిటినీ పట్టి, చెత్తబుట్టలోకి కూడా వెళ్లకుండా ఒక్క దెబ్బకి చెరిపేశాను. ఖాళీ అయింది కదా అని పెద్ద యాంటీవైరస్ ఒకటి ఎక్కించాను. అప్పుడు చూశాను, తెర మూల. అక్కడ ఇవాళ్టి తారీఖు లేదు. పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటి ఉంది.



బోర్డు మీద చొక్కా బొత్తాం అంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు టైము గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోతే కంప్యూటరు రోజూ పొద్దున్నే తన పుట్టిన రోజుతోనే లేస్తుంది. ఆ గదిలో నెట్టు లేదు, సరిదిద్దే దిక్కు లేదు. ఆ గుంట నెలల తరబడి కొట్టిందంతా జనవరి ఒకటో తారీఖునే పడింది. నేను చెరిపిన ఆ సంతలు ఆమెవే. ఆ బ్యాటరీ చచ్చిందని నాకు తెలుసు. రెండేళ్లుగా ఆ పెట్టె విప్పుతున్నవాణ్ణి నేనే. ఈసారి మారుద్దాంలే అనుకుంటూ వచ్చాను.

ఆమె వచ్చి నా మొహం చూసింది. "ఏటయింది సారూ?"

"వైరస్," అన్నాను. నోరు దానంతటదే అంది.

డిస్కు పీకి కొట్టుకి తెచ్చాను. చెరిపిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేరు పెట్టి రెండు రోజులు దాని ముందు కూర్చున్నాను. పదమూడు తిరిగొచ్చాయి. పద్నాలుగోది తెరిస్తే అన్నీ గళ్లూ ప్రశ్నార్థకాలే. నేనెక్కించిన యాంటీవైరస్సు సరిగ్గా దాని మీదే వెళ్లి పడింది. అది ఎవరిదో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, భయమేసి.

మూడో రోజు పట్టుకెళ్లి బిగించి ఇచ్చాను. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ తెరిచి చదువుకుంటూ వెళ్లింది. ఆఖరి దాని దగ్గర ఆగిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఇది మా అయ్యది," అంది.

"వైరస్ కదమ్మా..."

"వైరసైతే అందరియ్యీ తినాల గదా సారూ. మా అయ్యదొక్కటే ఏల తింటాది?"

జవాబు ఆమె దగ్గరే ఉంది. కొండ మీద కొత్త పంట ఏదైనా పోయినోళ్లకి ముందు పెట్టి, కొత్త పండగ చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటారు. ఈ కాగితాల హడావుడిలో ఎవరింటికో వెళ్లినప్పుడు, ఆకలికి, కొర్ర కొత్త పండగ అవకముందే కొత్త కొర్రల గంజి తాగేసిందట. "మా అయ్యికి పెట్టకుండా తినీసినాను. ఆయన మాట ఆయన తీసీసుకున్నాడు," అంది. అని, ఆయన వేలిముద్ర కాగితం అట్టలోంచి తీసి పక్కన పెట్టింది. పదమూడు కుటుంబాల కాగితాలే ఆఫీసుకెళ్తాయి. వాళ్లది వెళ్లదు.

"నీకు తెలిసింది నువ్వే కొట్టి పైన అచ్చు వేయించెయ్యమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. నా బుద్ధి అది.

"ఇయ్యనన్నోడి కాడ లాక్కోమంటావేటి? ఆయన ఏలు మీద నా మాట ఎలాగ పెడతాను?"

వాళ్లకున్నది ఎకరమున్నర కొండవాలు. వాళ్లమ్మా ఈమే దాని మీదే బతుకుతున్నారు. నేను చేసిన తప్పుకి ఆ పిల్ల చచ్చిపోయిన తండ్రికి క్షమాపణ చెప్పుకుంటోంది, నేను ఎదురుగా కూర్చుని వింటున్నాను. సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఎన్నో కంప్యూటర్లు పాడుచేశాను, ఒక్కదానికీ సిగ్గుపడలేదు.

"మీ అయ్య తీసుకోలేదు. నేనే చెరిపేశాను," అన్నాను. బ్యాటరీ సంగతి, తారీఖు సంగతి, తెరవకుండా చెరిపిన సంగతి, అన్నీ చెప్పాను.

పక్కన పెట్టిన వేలిముద్ర కాగితం చేతిలోకి తీసుకుంది.

"మా అయ్యికి కోపం లేదా?"

"లేదమ్మా."

"మూడు రోజులు..." అని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మూడు రోజుల్నించి వైరసూ వైరసూ అంటన్నావు. ఏటి మనిషివి నువ్వు!"

ఏ మనిషినో నాకూ తెలీలేదు.

కళ్లు తుడుచుకుని లేచింది. తన కుర్చీ నా వైపు లాగింది. "కూకో. నువ్వే సెరిపినావు, నువ్వే కొట్టు. మా అయ్య సెప్పింది నా నోట ఉంది."

కంప్యూటర్లు విప్పడమే గాని నాకు తెలుగు టైపు రాదు. ఒక్కో అక్షరం ఎక్కడుందో ఆమె చూపిస్తుంటే ఒక్క వేలితో కొట్టాను. ఆమె మధ్యమధ్య కళ్లు మూసుకుని, వాళ్లయ్య ఆగినచోట ఆగుతూ, ఆయన మాటల్లోనే చెప్పింది. తూరుపు పారే గెడ్డ. దక్షిణం మా తాత వేసిన పనస. పడమర నల్లరాయి. ఉత్తరం మా తమ్ముడి చేను. మా తాత గొడ్డలి పట్టిన ఏడు మా అయ్య పుట్టాడు. మధ్యాహ్నం దాటింది.

"ఇంతసేపు మాటాడించినావు, ఒక సుట్టయినా ఇయ్యవేటే గుంటా," అంది ఆఖర్న, అదే గొంతుతో.

అదే ఊపులో అదీ కొట్టేశాను. చూసుకుని, "ఇది ఆఫీసు కాగితంలో అక్కర్లేదమ్మా," అని చెరపబోయాను.

నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకేటీ సెరపకు," అంది.

మర్నాడు అరకులో నా కొట్లోనే పద్నాలుగూ అచ్చు వేశాం. ఆ చుట్ట మాట అలాగే పడింది. దాని కిందే ఆయన వేలిముద్ర ఉంది.