గోల్కొండ మెట్ల మీద సిటీ బస్సు

మా కండక్టర్ చాచా పోయిన సంగతి మాకు గల్లీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. శుక్రవారం తెల్లవారుతూనే ఆయన ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ ఫోన్ నుంచి మెసేజ్ వచ్చిందంటే మా గల్లీకి ఒకటే అర్థం, ఆదివారం బస్సు ఉంది. మేం ముందు తయారవుతాం, తర్వాత చదువుతాం. అమ్మ నిద్రకళ్లతోనే ఫోన్ చూసి పులిహోరకు చింతపండు నానబెట్టింది. ఎదురింటాయన "రెండు సీట్లు, కిటికీ పక్కన" అని జవాబు కొట్టాడు. తీరా కళ్లజోడు పెట్టుకుని చదివితే అది చాచా కొడుకు రాసింది. "మా అబ్బా రాత్రి పోయిండు. జుమా నమాజ్ తర్వాత తీస్కపోతం."

ఎదురింటాయన తన జవాబును గబగబా తుడిపేశాడు గానీ, మెసేజ్ తుడిచినట్టు చెప్పే ఆ లైను మాత్రం సంతాపాలన్నిటి పైనా అట్లాగే నిలిచిపోయింది. అమ్మ చింతపండు గిన్నె ముందు కూర్చుని ఏడ్చింది.

ఇలాంటి వ్యాసాల్లో పోయినవారిని మహనీయులని రాయడం ఆచారం. నాకు చేతకాక కాదు, రాయగలను. కానీ చాచా చదివితే "ఎవరు బేటీ ఆ మహనీయుడు? ఏ స్టాప్‌ల ఎక్కిండు?" అని అడిగేవారు. కాబట్టి పాఠకులు క్షమించాలి. ఇది పత్తర్‌గట్టి వెనక గల్లీలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండిన ఒక రిటైర్డ్ సిటీ బస్సు కండక్టర్ గురించి మాత్రమే.

ముప్ఫై ఏళ్లకు పైగా జనాన్ని ఒకచోట ఎక్కించి ఒకచోట దింపిన మనిషి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేకపోయారు. నెలకో ఆదివారం ఒక మినీబస్సు మాట్లాడి గల్లీ మొత్తాన్ని ఎక్కించడం మొదలుపెట్టారు. కుతుబ్‌షాహీ సమాధులు, జూ పార్కు, భువనగిరి గుట్ట, మెదక్ చర్చి, ఎక్కడికైనా పొద్దున పోవడం, చీకటి పడకముందే తిరిగి రావడం. ముప్ఫై మందిమి. అందులో ఇరవై మంది ఆడవాళ్లు. చాచా వెంట ఉన్నారంటే ఏ ఇంట్లోనూ "ఎవరితోని పోతున్నరు, ఎప్పుడొస్తరు" అన్న విచారణ ఉండేది కాదు.

ఆయనకు కదిలే బస్సులో కూర్చోవడం రాదు. కూర్చుంటే తల తిరుగుతుంది. మెదక్ దాకా కూడా తలుపు దగ్గరే నిలబడి వచ్చారు. ఆయనలోని కండక్టర్ పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టనే లేదని మాకు జూలో తెలిసింది. సింహం ఎన్‌క్లోజరు దగ్గర అందరం గుమిగూడి ఉంటే వెనక నుంచి గంభీరమైన గొంతు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి. లోపల మస్తు జాగా ఉంది!"

మా అమ్మ వెనక్కి తిరిగి, "లోపల జాగా ఉన్నది నిజమే భాయ్, ముందు మీరు జరగండి," అంది.

సింహం కూడా ఆయన వైపు చూసింది. ఇది అతిశయోక్తి కాదు, సాక్షులున్నారు.

ఇంకో అలవాటు, ఏ చోటికి పోయినా గంటసేపు అక్కడ కూర్చోబెట్టేవారు. ఫొటోలు దిగి "చూసినం చాచా, పోదాం" అంటే ఒప్పుకునేవారు కాదు. "చూసిన్రు, సరే. కూసున్నరా? కూసోకపోతే వచ్చినట్టు ఎట్లయితది?" నాకు డిగ్రీలో చరిత్ర సబ్జెక్టు. మూడేళ్లలో ఏ లెక్చరరూ నన్ను ఏ కట్టడం దగ్గరా కూర్చోమనలేదు. నేను పాసయ్యాను కూడా.

అసలు సంగతి గోల్కొండ.

కోట పైకి మెట్లు మూడు వందల అరవై అంటారు. ఆ అంకె వినగానే గల్లీలో సగం మోకాళ్లు సమ్మెకు దిగుతాయి. చాచా ఆ అంకెను నిషేధించారు. దాని బదులు మెట్ల దారిని ఒక బస్సు రూటుగా మార్చేశారు. కింద మొదటి మెట్టు చార్మినార్. కొన్ని మెట్లెక్కాక ఒక నీడ, అది పత్తర్‌గట్టి. తర్వాత మదీనా, అఫ్జల్‌గంజ్, కోఠి, నారాయణగూడ, ముషీరాబాద్. పైన బారాదరి మంటపం దగ్గర సికింద్రాబాద్. ప్రతి స్టాపులోనూ అందరూ ఆగాలి, నీళ్లు తాగాలి. ఆయన చెయ్యి పైకెత్తి "రైట్!" అంటే కదలాలి. నడవలేనివాళ్లు కూడా నడిచేవారు. ఎందుకంటే చార్మినార్ నుంచి సికింద్రాబాద్ పోవడం మా వాళ్లకు కొత్తా? పెళ్లిళ్లకు పోలేదా, పేచీలకు పోలేదా?

"ఎక్కేటోళ్లకు లెక్క చెప్పొద్దు బేటీ, పేరు చెప్పాలె," అనేవారు. "లెక్క బరువుంటది. పేరు తేలిక."

ఇంతమంది ఎక్కినా మా నానమ్మ మాత్రం ఎక్కలేదు. ఏడేళ్లుగా గోల్కొండ వచ్చిన ప్రతిసారీ కింద గేటు దగ్గర కూర్చుని అందరి టిఫిన్ డబ్బాలకూ కాపలా కాసేది. పైనుంచి దిగివచ్చిన ప్రతి ఒక్కరూ అనే మొదటి మాట ఒకటే. "అబ్బా, ఏం గాలి!" మా ఇంటికి ఉన్నది ఒకటే కిటికీ. అది తెరిస్తే పక్కింటి గోడ. యాభై ఏళ్లుగా ఆ గోడతో కాపురం చేసిన మనిషి ముందు నిలబడి ముప్ఫై మంది గాలి గురించి మాట్లాడటం ఎంత అన్యాయమో మాకెవరికీ తట్టలేదు. చాచాకు తట్టింది.

పోయిన చలికాలం ఆయన గేటు దగ్గరికి వచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

"అక్కా, డబ్బాలు నేను చూసుకుంట. నువ్వు ఎక్కు."

"ఏం తమ్మీ, నన్ను పైకి తోలి నువ్వు ఒక్కనివే తింటవా?"

"గట్లయితే డబ్బాలు గూడ ఎక్కుతయి. చార్మినార్! చార్మినార్! ఎక్కేటోళ్లు ఎక్కండి!"

ఆమె ఎక్కింది. పత్తర్‌గట్టి దాటింది. మదీనాలో బిర్యానీ వాసన వస్తలేదేందని చాచాను నిలదీసింది. అఫ్జల్‌గంజ్‌లో నీళ్లు తాగింది. కోఠి చేరింది. అప్పుడు ఈ వ్యాసకర్త, చరిత్ర పట్టభద్రురాలు, గల్లీలో హాస్యానికి పేటెంటు తనదేనని నమ్మే మేధావి, నోరు తెరిచింది.

"నానమ్మా, శభాష్! నూట నలభై ఎక్కినవ్. ఇంక రెండు వందల ఇరవయ్యే!"

నానమ్మ ఆగింది. "నూట నలభైయా? నేనా?" అంది. ఆ క్షణం దాకా లేని నొప్పి రెండు మోకాళ్లలోకీ ఒకేసారి వచ్చింది. ఉన్నచోటనే కూలబడింది. చాచా పక్కన కూర్చుని బతిమాలారు, జోకులేశారు, వచ్చేది నారాయణగూడనే అన్నారు. "నారాయణగూడ కాదు తమ్మీ, రెండు వందల ఇరవై," అంది నానమ్మ. కూర్చునే ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి దిగింది. ఆయన ఆమె కన్న ఒక మెట్టు కింద, వెనక్కి నడుస్తూ, చెయ్యి పట్టుకుని దిగారు.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఒక జోకు వేసి దులుపుకునేదాన్ని. బస్సెక్కేటప్పుడు మాత్రం, "ఫికర్ జెయ్యకు బేటీ. దసరా సెలవులల్ల మళ్ల తీస్కపోదాం. అక్కను సికింద్రాబాద్‌ల దింపేది నా బాధ్యత," అన్నారు. దసరా రాకముందే ఆయనే పోయారు.

నలభై రోజులయ్యాక గల్లీలో మాట వచ్చింది. ఇక ట్రిప్పులు ఎవరు నడుపుతారు? చాచా కొడుకు చేతులు జోడించాడు. "నాతోని కాదు. నేను బస్సెక్కితే నిద్రపోత." ఎదురింటాయన, పెద్ద మనిషి లేనిది ఆడవాళ్లు ఇంతమంది పోవుడు ఎందుకన్నాడు. ఇంకొకరు జల్‌పల్లికి ఇల్లు మారే పనిలో ఉన్నారు. మాట అక్కడితో సద్దుమణిగేట్టుంది. నానమ్మ తన మంచం మీద నుంచి, "పోనీ తియ్యండి, నాకైతే కోఠి దాకా రాసి ఉండె," అంది. ఆ మాట నాకు తగలాలని అనలేదు. అందుకే బాగా తగిలింది.

నేను చాచీ దగ్గరికి పోయాను. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు. లోపలి గదిలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కోఠి దగ్గర నేను చేసిన ఘనకార్యం మొత్తం చెప్పాను. ఆమె విని, గది అవతలి మూలకు చూపించింది.

"అగో, అది బాత్‌రూమ్. ఆఖరు రెండు నెలలు మంచం నుంచి ఆడిదాంక నడుసుడే ఆయనకు గోల్కొండ. నేను చెయ్యి పట్టుకొని పిలిచేదాన్ని. చార్మినార్, పత్తర్‌గట్టి, మదీనా, అని."

"చాచా మీతోని గూడ పిలిపిచ్చుకున్నరా?"

"పిలువకపోతే లేవకపోతుండె. పదకొండు అడుగులు బేటీ. నాకు తెలుసు, రోజూ లెక్కపెట్టిన. ఒక్కనాడు గూడ నోట్లకెళ్లి బయటికి రానియ్యలే."

నేనూ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. తర్వాత చాచీ అంది. "నీకు గొంతుంది, సిగ్గులేదు. కండక్టర్‌కు ఇంకేం గావాలె? పోయి బస్సు మాట్లాడు."

అలా ఈ వ్యాసకర్తకు ఆ పదవి దక్కింది. ఎదురింటాయన ఏమనబోయినా, "చాచీ పొమ్మన్నది," అని ఒకటే జవాబు. చివరికి ఆయనే కిటికీ పక్క సీటడిగాడు.

గోల్కొండ గేటు దగ్గర నానమ్మ మామూలుగానే డబ్బాలు చుట్టూ పెట్టుకుని కూర్చుంది. నేను పోయి నిలబడ్డాను.

"లే నానమ్మా."

"నువ్వా? నువ్వు లెక్కపెట్టే పిల్లవు."

"నాకిప్పుడు లెక్కలు రావు. చార్మినార్! ఎక్కేటోళ్లు ఎక్కండి!"

మొదటి కేక పిల్లికూతలా వచ్చింది. వెనక నుంచి ఎవరో, "బస్సు స్టార్ట్ అయితలేదు, తోయాల్నా?" అన్నారు. అమ్మ ఉరిమి చూసింది. రెండో కేక కోట గోడ దాకా పోయింది. నానమ్మ డబ్బాలు తలా ఒకటి పంచి, కొంగు బిగించి లేచింది.

పత్తర్‌గట్టి. మదీనా. అఫ్జల్‌గంజ్. నా లోపల ఎవరో అంకెలు చదువుతూనే ఉన్నారు. ఆ నోటిని నొక్కిపట్టి స్టాపులు అరుస్తూ నడిచాను. కోఠి వచ్చింది. నానమ్మ పోయినసారి కూలబడ్డ మెట్టు దగ్గరే ఆగింది. దాన్ని గుర్తుపట్టింది. వెనక ముప్ఫై మందీ ఆగారు.

"ఇంకెంత?" అంది నన్ను చూసి.

నాకు అంకె తెలుసు. నాలుక చివర ఉంది.

"వచ్చేది నారాయణగూడ."

"నారాయణగూడల నాకెవరున్నరే?"

"మీ చెల్లె బిడ్డ లేదా? చాయ్ పెడ్తది, పా."

నానమ్మ ముఖం మారిపోయింది. "అదా? అది చాయ్ పెడ్తదా? మొన్న పోతే మంచినీళ్లకు గూడ దిక్కు లేకపాయె! కొడుకు పెండ్లికి చీర పెట్టిందా? పెట్టింది, ఎసొంటి చీర? ఒక్క ఉతుకుకు..." అంటూ కాలు పై మెట్టు మీద వేసింది. ఆ చీర కథ నారాయణగూడ దాటింది. చెల్లెలి బిడ్డ అత్తగారి కథ ముషీరాబాద్‌ను దాటించింది. అక్కడ నేను ఆగమన్నా ఆగలేదు. ఆడబిడ్డల కథకు వచ్చేసరికి మాకు ముందు నడుస్తోంది. మేమే రొప్పుతూ వెంటపడ్డాం.

"సికింద్రాబాద్," అన్నాను. 

నానమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. గాలి వచ్చి కొంగును భుజం మీద నుంచి లేపి పట్టుకుంది. దూరంగా సమాధుల గుమ్మటాలు, వాటి వెనక కొత్త మేడలు, అటువైపు పొగమంచులో మా ఊరు. వేటినీ ఆమె పెద్దగా పట్టించుకోలేదు. గోడ పక్కన బండ మీద కూర్చుంది, కాళ్లు చాపింది. కళ్లు మూసుకుని ఆ గాలిని ముఖం మీదికి రానిచ్చింది. "మంచిగుంది," అంది. అంతే. రెండు నిమిషాల్లో తల గోడకు ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది, సన్నని గురక మొదలైంది.

డబ్బాలు విప్పాం, చప్పుడు కాకుండా. రోజూ నల్లా దగ్గర కొట్లాడుకునేవాళ్లు పులిహోరను సైగలతో వడ్డించుకున్నారు. పిల్లలు గుసగుసలాడారు. గంటయింది. ఎవరూ పోదామనలేదు.

ఎండ మెల్లగా జరిగి నానమ్మ పాదాల మీదికి వచ్చింది. అమ్మ లేచి అడ్డంగా నిలబడింది. ఎండ మోకాళ్ల దాకా వస్తే చాచా కొడుకు లేచాడు. తర్వాత ఎదురింటాయన, ఆయన భార్య, ఒక్కొక్కరే మిగతావాళ్లు. ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని గల్లీ మొత్తం ఎండకు వీపు పెట్టి నిలబడింది. మా నీడలన్నీ కలిసి ఆమె మీద పడుతున్నాయి. ఆమె నిద్రపోతూనే ఉంది.