ఎదుటి కుర్చీ

మా నూలు మిల్లు ప్లీడరు గారు పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు వీధిలో పడుగు పరిచి గంజి పెడుతున్నాం. పని మధ్యలో వదిలేస్తే పోగులు అతుక్కుపోతాయి. అందుకని కూలబడి ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. పడుగు ఆరాక స్నానం చేసి, చల్లపల్లిలో బెజవాడ బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీవైపే మొహం తిప్పుకుని కూర్చున్నాను.

భవానీపురంలో ఆయన ఇంటి ముందు కోర్టువాళ్ళు ఒక పక్కన, మిల్లువాళ్ళు ఒక పక్కన నిలబడి ఉన్నారు. ఆయన బతుకూ అలాగే సాగింది. సగం వయసుదాకా వకీలు. మూతపడ్డ మిల్లు తెరిపించాలని పనివాళ్ళ తరఫున వాదించి గెలిచారు. తీరా తెరిస్తే నడిపే నాథుడు లేడు. ఓడిపోయిన యజమానులే వచ్చి, మీరే నడిపిపెట్టండి అని బతిమాలారట. అలా నల్లకోటు విప్పి మిల్లుకి పెద్ద అయ్యారు. అయినా చివరిదాకా అందరికీ ప్లీడరు గారే.

మనిషి అంత తేలిక కాదు. కాఫీ చల్లారితే కసురుకునేవారు. ఎదుటివాడు మాట నానిస్తే బల్లమీద వేళ్ళతో కొట్టేవారు. రంగుల షెడ్డు మూసేసినప్పుడు మా బావమరిది పని కూడా పోయింది. ఎంత చెప్పినా వినలేదు. ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు. పోయిందని ఇవాళ మర్యాదకి రాస్తే ఆయనే ఒప్పుకోరు.

తర్వాత చిలప నూలు కూడా ఆపేస్తారని తెలిసింది. చిలప అంటే నూలును వదులుగా చుట్టి కట్టిన కట్ట. రంగు వెయ్యాలంటే మా చేమగ్గాలవాళ్ళకి నూలు అలాగే రావాలి. గట్టిగా కోన్లకి చుట్టిన నూలు పవర్‌లూములకి వెళ్తుంది, గిరాకీ దానికే. చిలపలు ఆగితే మా ఊళ్ళో మగ్గాలు ఆగినట్టే. నేత సొసైటీ ప్రెసిడెంటుని కదా, పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని మిల్లులో ఆయన గదికి పోట్లాటకే వెళ్ళాను.

ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. తన కుర్చీ చూపించి, "మీరు అటెళ్ళి కూర్చోండి. ఇప్పుడు మిల్లు మీది, మగ్గం నాది. చిలపల షెడ్డు ఎందుకు మూసేస్తున్నారో చెప్పండి," అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఎవరు తగువుకొచ్చినా ఆయన పద్ధతి అదేనట. సరే అని కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి కిటికీలో నేరుగా చిలపల షెడ్డే కనిపించింది. మొదట తడబడ్డాను. తర్వాత మాట దానంతటదే వచ్చింది. "వానాకాలం మగ్గం గుంటల్లోకి నీళ్ళొస్తే మీరు నేత మానేస్తారు, నూలు తీసుకోరు. ఆ నెలల్లో షెడ్డువాళ్ళకి నేనేం పని చూపించను?" అన్నాను. మా పెద్దవాళ్ళు నావంక గుడ్లప్పగించి చూశారు.

ఆయన నవ్వలేదు. "బాగా చెప్పారు. ఇక లేచి ఇటు రండి. దానికి జవాబూ మీరే చెప్పాలి," అన్నారు.

ఇవతలికి వచ్చి, ఏడాదికి మాకెంత నూలు పడుతుందో వేళ్ళమీద లెక్కేసుకున్నాను. చివరికి, వానాకాలం నూలు కూడా మేమే తీసుకుని సొసైటీ గోడౌన్‌లో దాచుకుంటామన్నాను. పెద్దవాళ్ళు గొణిగారు, ఒప్పుకున్నారు. షెడ్డు నిలబడింది. గుమ్మందాకా వచ్చి, "అవతలివాడి కేసు మనమే చెప్పి చూసుకోవాలండీ. అప్పుడు గానీ మన కేసులో చిల్లు కనపడదు," అన్నారు. అప్పట్నుంచీ ఏ వానాకాలమూ మేం మాట తప్పలేదు, ఆయనా తప్పలేదు.

పెద్దాయన పోయారు, ఇక షెడ్డుకి తాళమే అని దినం భోజనాల దగ్గరే గుసగుసలు విన్నాను. మిల్లు ఇప్పుడు ఆయన కూతురు చూస్తోంది. వారం ఆగి, ఉండబట్టలేక వెళ్ళాను. గదిలో అదే బల్ల, అదే కుర్చీ. ఆ అమ్మాయి అందులో కూర్చుని ఉంది. షెడ్డు సంగతి అడుగుదామని వచ్చానమ్మా అన్నాను.

లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"మీరు అటు కూర్చోండి బాబాయి గారూ," అంది.

వెళ్ళి కూర్చున్నాను. షెడ్డు ఎందుకు మూసెయ్యాలో ఒక్క ముక్కా నోటికి రాలేదు. ఆ అమ్మాయి బల్లమీద వేళ్ళతో కొడుతూ కాసేపు చూసింది.

"పోనీ, ముందు నేనే మొదలుపెడతాను. మా ఊళ్ళో మగ్గాలు ఆగిపోతాయండీ," అంది.

కిటికీ అవతల చిలపల కట్టలు లారీలోకి ఎక్కుతున్నాయి. కళ్ళు తుడుచుకుని, మిల్లు తరఫున వినడం మొదలుపెట్టాను.