కుడిచక్రం కట్టె

పుంగనూరు నుంచి మొన్న కార్డు వచ్చింది. నేను ఒకప్పుడు అద్దెకున్న ఇంటి పెద్దాయన పోయాడని నాలుగు వరుసలు. కుప్పం బడిలో పాఠం మధ్యలో చదివాను. పాఠం అక్కడే ఆపేశాను. ఆయన ఇంట్లో నేను ఒప్పుకోవాల్సిన తప్పొకటి అలాగే మిగిలిపోయింది.

డెబ్బైల చివర సైన్సు టీచరుగా పుంగనూరులో చేరి, వాళ్ళ ముందరి గదిలో దిగాను. పెద్దాయన ఎద్దులబండిలో మదనపల్లెకు శెనక్కాయల బస్తాలు తోలేవాడు. దారిలో పల్లపు దిగుడు రాగానే బండి ఆపి, చక్రాలను ఒత్తే బ్రేకు కట్టెల మీద గుప్పెడు ఇసుక చల్లి, తాడు బిగించి గానీ కదిలేవాడు కాదు. ఎంత తొందరున్నా అంతే.

వాకిట్లో బండి ఆపినప్పుడల్లా కుడివైపు కట్టె కీచుమనేది. పేపర్లు దిద్దుతుంటే ఆ రొదకు నాకు ఒళ్ళు మండేది. ఒక సాయంత్రం, ఇరుసుకు పూసే ఆముదం కందెన తీసి ఆ కట్టెకు దట్టంగా పట్టించాను. ఘర్షణ అంటే శక్తి దండగ అని ఆ రోజే పాఠం చెప్పి వచ్చాను. ఏం తెలివో!

మర్నాడు దిగుడులో ఆయన ఇసుక చల్లాడు. కందెన మీద అది పనిచెయ్యలేదు. ఎడమచక్రం పట్టుకుంది, కుడిది జారింది. రెండువైపులా పట్టు సమానంగా లేక బండి ఎడమకు తిరిగి గట్టును గుద్దింది. బండికీ గట్టుకూ మధ్య ఆయన పాదం నలిగింది. అందరితో ఎద్దు బెదిరిందన్నాడు.

నేను ఏడుస్తూ మంచం దగ్గరికి వెళితే నవ్వాడు.

"ఆముదం వాసన నాకు తెలీదా అమ్మా? రెండుపక్కలా పూసింటే నేరుగా దిగుడు కింది వాగులోకి పోయిందును. సగం పని సేసి బతికిచ్చినావు."

"పెద్దమ్మతో చెప్పేస్తాను."

"వద్దు. నా పెండ్లాం నిన్ను ఈడ ఉండనీదు. ఎద్దుకు తిట్లు తగలవులే. బండి పోయేదానికి పల్లముంటే సాలు, నిలబడాలంటే రాపిడి ఉండాల. పిలకాయలకు అది సెప్పు."

ఏటా చెబుతూనే ఉన్నాను, ఎవరి పాదమో చెప్పకుండా. ఆయన దాచాడు కాబట్టే ఆ ఊళ్ళో టీచరుగా నిలిచాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

నిన్న బస్సెక్కి వెళ్ళాను. వెనక బండికొట్టంలో దుమ్ము మీద ఆయన నడక ఇంకా ఉంది. ఒక అడుగు, పక్కనే ఈడ్చిన గీత. మళ్ళీ అడుగు, మళ్ళీ గీత. పెద్దమ్మ చీపురు పట్టుకుని, ఊడ్వలేక నిలబడి ఉంది.

"సూడమ్మా, ఆ పాడు ఎద్దు సేసిన పని."

"ఎద్దు కాదు పెద్దమ్మా. నేను."

ఆమె ఆ గీతను చూసింది. చీపురు గోడకు ఆనించి, గీత చెరగకుండా పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళింది.