ఎత్తు బంగారం

శామీర్‌పేట దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊర్ల నేను అంగన్‌వాడీ టీచరుగ జేసిన. అప్పుడు సుట్టూ ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు. ఇప్పుడవన్నీ ప్లాట్లయినయి. ఆడోళ్లంత పొద్దుగాల్నే తోటల కూలికి పోయేటోళ్లు, పోతపోత పిల్లల్ని నా కాడ దింపేటోళ్లు. మేడ్చల్‌ల బస్సెక్కి నేనొచ్చేసరికే సగం మంది పిల్లలు గడప మీద కూసోని ఉండేటోళ్లు. సెంటరంటే ఒకటే అర్ర, మీద రేకులు. ఎండకాలం అండ్ల కూసుంటే మనిషి ఉడికిపోవాలె.

నెలకోసారి పిల్లల్ని తూసుడు మా పనిల పెద్ద పని. దూలానికి గడియారం లెక్క గుండ్రంగ ఉండే కాంటా ఏలాడగట్టి, కింద గుడ్డ ఉయ్యాల తగిలిచ్చి పిల్లను కూసోబెడితే ముల్లు తిరుగుతది. బరువు మరీ తక్కువుంటే ఆ పిల్లకు రెండింతల తిండి, పెద్ద దవాఖానకు చీటీ. తూయకుంటే, అందరు పిల్లలకిచ్చే బలం పిండి తప్ప ఏదీ లేదు. సర్కారు పద్ధతి గది, నేనేం జేస్త?

ఆ ఊర్ల ఒక అవ్వ ఉండె. ఆమె నోటికి ఊరంత భయపడేది. కొడుకు లారీ మీద తిరుగుతడు, కోడలు తోటకు పోతది, మనుమరాలు ఎప్పుడు జూసినా అవ్వ సంకలనే. ఆ పిల్లకు రెండేండ్లు నిండవట్టినయ్, ఇంకా నిలవడలే. జుట్టు ఎర్రవడ్డది, కాళ్లు పుల్లలు. ఏడ్వనీకి గూడ ఓపిక లేనట్టు ఊకె సూసేది. నాకు భయం పట్టుకున్నది. ఒక్కపారి వాంతులు, విరేచనాలు పట్టుకున్నయంటే ఈ పిల్ల దక్కదు.

"అవ్వా, ఒక్కపారి కాంటల కూసోబెట్టరాదు" అంటే గయ్యిమని లేసేది.

"నా మనుమరాలేమన్న మేకపిల్లనా, తూసి అమ్ముతవా? పిండి ఇస్తే ఇయ్యి, లేకుంటే నీ కాడనే పెట్టుకో."

పిండి మాత్రం సక్కగ తీసుకపోయేది. ఒకనాడు వాళ్లింటి ముంగటికెల్లి పోతాంటే ఏం జూసిన? నేనిచ్చిన పిండి కుడితి గోలెంల కలిపింది, బర్రె మూతి ముంచి మస్తు తాగుతాంది. బర్రె నిగనిగలాడుతాంది. పిల్ల పక్కన మన్నుల కూసోని రొట్టెముక్క ఛాయ్‌ల అద్దుకోని తింటాంది. పాలన్నీ పాలకేంద్రానికి పోతయ్. నా ఒళ్లు మండింది.

"అవ్వా, నువ్వు సాదేది బర్రెనా, పిల్లనా?"

"బర్రె పాలిస్తది. నువ్వేమిస్తవ్? సుద్దులు!"

వాడకట్టంత జమైంది. నేనూ తగ్గలే, నాకూ నోరుంది. "పిల్లకేమన్నయితే ఆ పాపం నీదే" అన్న. ఆ మాటకు అవ్వ మొగం ఎట్లనో అయింది. లోపలికి పోయి తలుపేసుకున్నది.

తెల్లారి కోడలు తోటకు పోతపోత నా కాడ ఆగింది. "టీచరమ్మా, మా అత్తమ్మను గంత మాట అనకపోతివి. దీనికంటే ముందు నాకొక పిలగాడు పుట్టిండు. దవాఖానల తూసి, నర్సమ్మ అందరి ముంగట మస్తు బరువున్నడు, ఎంత బొద్దుగున్నడో అన్నది. వారం తిరగకముందే జరమొచ్చి పోయిండు. అప్పటిసంది తూకమంటెనే అత్తమ్మకు వణుకు."

నా కోపం ఏడికి పోయిందో! దిష్టి గాదు, జరం తోని పోయిండని నేను జెప్పొచ్చు. ఇంట్ల పిలగాన్ని పోగొట్టుకున్నోళ్లకు గా మాట ఎట్ల జెప్తం? కోడలే ఇంకో ముచ్చట గూడ జెప్పింది. ఈ పిల్ల నడిస్తే ఎత్తు బంగారం ఇస్తనని అవ్వ సమ్మక్క తల్లికి మొక్కిందట. ఆ తల్లికి బెల్లమే బంగారం, మనిషెంత బరువుంటే అంత బెల్లం ఇయ్యాలె.

ఆ పొద్దు సెంటరు మూసినంక సీదా వాళ్లింటికే పోయిన.

"అవ్వా, మొక్కయితే మొక్కినవ్. ఎంత బెల్లం గావాలెనో ఎరికేనా?"

అవ్వ మనుమరాలి దిక్కు జూసింది. "తల్లి పేరు మీద తూస్తనంటే తీసుకొస్త. ఎంతున్నదో నోటితోని మాత్రం జెప్పొద్దు" అన్నది.

"నోరు దెరిస్తే ఒట్టు."

తెల్లారి మా ఆయమ్మను గూడ బయటికి పంపి, తలుపు దగ్గరికేసి, పిల్లను ఉయ్యాలల కూసోబెట్టినం. అవ్వ కండ్లు మూసుకొని తల్లిని తలుసుకుంటాంది. ముల్లు జరంత కదిలి ఆగిపోయింది. ఇంకా పారాడే పిల్లల బరువు.

అవ్వ కండ్లు దెరిసింది. "ఎంత బెల్లమైతది? చేతులతోని సూపియ్యి."

రెండు చేతులు దగ్గరికి పెట్టి సూపిచ్చిన.

"గింతేనా?" అన్నది. నా చేతుల దిక్కే సూస్తాంది. "గింత బెల్లం పట్టుకొని నేనేం మొగం వెట్టుకొని పోవాలె తల్లి ముంగటికి?"

పిల్లను ఉయ్యాలల నుంచి తీసి గుండెకు ఒత్తుకున్నది. ఊరందరినీ ఏడిపిచ్చే మనిషి, గప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

చీటీ పట్టుకొని దవాఖానకు అవ్వనే పోయింది. పాలు కేంద్రానికి పోకముందే చెంబెడు పక్కకు తీసుడు మొదలువెట్టింది. పిండి ముద్దలు జేసి పిల్లకు తినిపిచ్చేది, బర్రెకు ఇగ తవుడే. నెలనెల తనే ఎత్తుకొని వచ్చేది, నేను చేతులతోని సూపిచ్చేది. నా చేతులు జరిగి దూరమైతుంటే, "సాలు సాలు, దించు, ఎవరన్న జూస్తరు!" అని కసిరేది.

ఆ మీదొచ్చిన జాతరనాటికి పిల్ల నడుసుడు గాదు, ఉరుకుతాంది. కిరాణం దుకాణపాయన దగ్గర పెద్ద తరాజు అడుక్కొచ్చి వాళ్లింటి ముంగట కట్టిన్రు. ఒక దిక్కు పిల్ల, ఒక దిక్కు బెల్లం. అవ్వ తెచ్చిన బెల్లమంత పెట్టినా పిల్ల కూసున్న దిక్కు లేవలే. అది కాళ్లూపుకుంట నవ్వుతాంది.

"దీని నోట్ల మన్నువడ!" అని అవ్వ వాడకట్టంత ఇనవడేటట్టు షురూ జేసింది. "తిని తిని నా కొంప ముంచింది గదనే, దీని పాడుగాను!"

నోట్లకెల్లి తిట్లు, కండ్లల్లకెల్లి నీళ్లు. కోడలు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నాకు గూడ దుఃఖం ఆగలే, నిలవడి ఏడుస్తున్న.

"నువ్వేం జూస్తున్నవే టీచరమ్మా?" అని అవ్వ నా మీద వడ్డది. "ఉరుకు, దుకాణంల ఇంకో ముద్ద పట్టుకరాపో!"