జాబితాలో ముప్పై తొమ్మిదో పేరు

మా వీధికి నీళ్ళు తెచ్చింది సెయిల్కాన్ అక్క. ఈ మాట ఇప్పుడెవరూ పైకి అనరు. అంటే ఎక్కడ గుచ్చుకుంటుందో అందరికీ తెలుసు.

బిష్కేక్ నగరం శివారులో మేం ఇళ్ళు కట్టుకున్నప్పుడు వీధికంతటికీ ఒక్కటే కొళాయి. చలికాలంలో అది గడ్డకట్టేది. అక్క తన పెళ్ళినాటి ఉన్ని కంబళి కత్తిరించి దానికి చుట్టింది. రోజూ పొద్దున్నే మరిగే నీళ్ళు తెచ్చి పోసి మంచు కరిగించేది. మొగుడు పోయాడు, మోకాళ్ళు పోయాయి, అయినా పదకొండేళ్ళు నీళ్ళ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది.

"బయటంతా మంచేగా, ఇంకా నీళ్ళెందుకమ్మా?" అని వెక్కిరించాడట అక్కడొకడు.

"నువ్వు టీ మంచుతోనే కాచుకుంటున్నావా నాయనా?" అని అడిగొచ్చింది.

చివరికి ఒప్పుకున్నారు. కనెక్షన్ కావలసినవాళ్ళ పేర్లు రాసిమ్మన్నారు. అక్క మా వంటింట్లో కూర్చునే రాసింది. మాలో టీ పోసే ఆడది అందరికీ పోశాకే తను తాగుతుంది. ఆ మర్యాదే ఇక్కడా పాటించింది. ముప్పై ఎనిమిదో పేరు నాది రాసి, తన పేరు అన్నిటికన్నా కింద పెట్టుకుంది.

"మీది మూడో ఇల్లు కదక్కా, పైన రాసుకోరాదూ?" అన్నాను.

"రాసేదాన్ని నేనే పైనెక్కి కూర్చుంటే ఏం బావుంటుందే? పైపు నా గుమ్మం ముందునుంచేగా పోవాలి!"

పైపు ఆమె గుమ్మం ముందునుంచే పోయింది. మీటర్లు మాత్రం ముప్పై ఎనిమిదే వచ్చాయి. ఇంజినీరు ఎర్నిస్ జాబితా ప్రకారం పంచేశాడు.

"వరస మీరు రాసిచ్చిందే. మిగిలినవాళ్ళకి తర్వాతి విడతలో."

"అదెప్పుడు బాబూ?"

"పైవాళ్ళు చెప్పాలి."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా మీటరు ఆమెకివ్వండి అంటే సరిపోయేది. అనలేదు. చంటిదాని గుడ్డలు ఉతకాలిగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, సిగ్గులేనిదాన్ని. ఇక అవసరం లేదని ఆ వారమే వీధి కొళాయి పీకేశారు. కంబళిని బురదలో పారేసిపోయారు.

నీళ్ళొచ్చినందుకు వీధంతా కలిసి మా వాకిట్లో గొర్రెను కోసి విందు పెట్టుకున్నాం. టీ నీళ్ళు కాచే సమోవార్లో కొత్త నీళ్ళు మరుగుతున్నాయి. మా ఇంట్లో నీళ్ళు పట్టుకుందామని అక్క రెండు ఖాళీ బకెట్లతో వచ్చింది.

"రా అక్కా, నువ్వు పోస్తేనే టీకి రుచి!" అన్నారెవరో అలవాటు కొద్దీ.

ఆమె బకెట్లు దించింది. సమోవార్ దగ్గరికి రాలేదు. నేరుగా వెళ్ళి పెద్దవాళ్ళు కూర్చునే చోట కూర్చుని, ఖాళీ టీ గిన్నె ముందుకు చాపింది.

"ఈసారి ముందు నాకు పొయ్యండి."

నేనే లేచాను. మాలో అతిథికి టీ సగం గిన్నే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మని అర్థం. అపరాధం నెత్తినెక్కి, ఆమెకు ఎంత పోసినా తక్కువే అనిపించి, అంచుదాకా పోసేశాను.

అక్క గిన్నె చూసింది. నన్ను చూసింది.

"తెలిసిందిలేవే," అంది.

చుక్క మిగల్చకుండా తాగి, ఖాళీ బకెట్లు తీసుకుని వెళ్ళిపోయింది. మా ఇంటికి మళ్ళీ నీళ్ళకు రాలేదు.